ఊరి పనులు - ఉక్కు తీగలు

మీ వీథిలో ఎప్పుడైనా కొత్త మురుగు కాలువ కట్టటం చూశారా? ఒకనాడు ఎవరో వచ్చి టేపు పట్టి కొలిచి, సున్నంతో గీతలు గీసి వెళ్ళిపోతారు. తరువాత చాలాకాలం ఏమీ జరగదు. గీతలు కూడా చెరిగిపోతాయి. హఠాత్తుగా ఒక ఉదయం ఇసుకా, కంకరా, సిమెంటు బస్తాలూ వచ్చి పడతాయి. మేస్త్రీ వస్తాడు, కూలీలు వస్తారు, కాంక్రీటు కలిపే యంత్రం గడగడలాడుతూ తిరుగుతుంది. పది పదిహేను రోజుల్లో కాలువ పూర్తి అవుతుంది. అందరూ వెళ్ళిపోతారు.

ఈ పని ఎవరు చెయ్యమన్నారు? డబ్బు ఎవరు ఇచ్చారు? మేస్త్రీ ఎవరి మనిషి? గీతలు గీసిన తరువాత అంతకాలం ఎందుకు ఆగారు? కాలువ ఏడాదిలోనే పగిలిపోతే ఎవరిని అడగాలి? ఈ ప్రశ్నలకు పెద్దవాళ్ళలో కూడా చాలామంది సరిగా జవాబు చెప్పలేరు. కాని జవాబులు తెలుసుకోవటం కష్టమేమీ కాదు.

ఊరికి కావలసిన పనులు చూసేది పురపాలక సంఘం. దాన్నే మనం మునిసిపాలిటీ అంటాం. పెద్ద నగరమైతే కార్పొరేషను. మీ నాన్నగారు కట్టే ఇంటిపన్నూ, నీటిపన్నూ దాని ఖజానాకే చేరుతాయి. ప్రభుత్వం కూడా కొంత డబ్బు ఇస్తుంది. అంటే ఆ కాలువ మీ అందరి డబ్బుతో కట్టినదన్నమాట. కాని పురపాలక సంఘం తన మనుషులతో అన్ని పనులూ చేయించదు. చాలా పనులను కంట్రాక్టరుకు అప్పగిస్తుంది. మేస్త్రీ, కూలీలు ఆ కంట్రాక్టరు మనుషులు. పని సరిగా జరుగుతున్నదీ లేనిదీ చూడటానికి మాత్రం పురపాలక సంఘానికి సొంత ఇంజనీర్లు ఉంటారు.

ఎన్ని రకాల పనులు?

పురపాలక సంఘం చేయించే పనులు చాలా ఉన్నా, ముఖ్యమైనవి అయిదు రకాలు. అవి రోడ్లు, కాలువలు, మంచినీటి పనులు, భవనాలు, వంతెనలు. ఒక్కొక్క దానిలో ఒక్కొక్క కిటుకు ఉన్నది.

రోడ్డు చూడటానికి బల్లపరుపుగా ఉంటుంది గాని, నిజానికి బల్లపరుపు కాదు. మధ్య భాగం కొంచెం ఎత్తుగా ఉండి, రెండు పక్కలకూ వాలుతుంది. కాంక్రీటు రోడ్డుకు మీటరు వెడల్పులో సుమారు 2 సెంటీమీటర్ల వాలు ఇస్తారు. రోడ్డుకు గొప్ప శత్రువు బండి కాదు, నీరు! నిలిచిన నీరు అడుగున ఉన్న మట్టిని మెత్తబరుస్తుంది. మట్టి మెత్తబడితే పైన ఎంత మంచి తారు వేసినా కుంగిపోతుంది. అందుకే ముందు మట్టిని రోలరుతో గట్టిగా తొక్కించి, దాని మీద కంకర పొరలు వేసి, ఆపైన తారో, కాంక్రీటో వేస్తారు. మనకు కనిపించేది పైపొర ఒక్కటే. బలమంతా కనిపించని పొరల్లో ఉంటుంది.

కాలువకు ప్రాణం వాలు. నీటిని ఎవరూ తోయరు. భూమ్యాకర్షణే దాన్ని లాక్కుపోతుంది. కాలువ మధ్యలో ఒక్క చోట అడుగు రెండు అంగుళాలు ఎత్తయిందంటే చాలు, మురుగు అక్కడే ఆగి దోమలకు పుట్టిల్లు అవుతుంది. మేస్త్రీలు ఒక సన్నని గొట్టంలో నీళ్ళు పోసి, దాని రెండు కొసలూ రెండు చోట్ల పట్టుకుని మట్టం చూడటం మీరు గమనించే ఉంటారు. గొట్టంలో నీరు రెండు వైపులా ఒకే ఎత్తున నిలుస్తుంది గనక ఆ గొట్టమే వారికి కొలబద్ద.

మంచినీటి ట్యాంకును అంత ఎత్తున ఎందుకు కడతారు? నీరు ఎంత ఎత్తున ఉంటే కింద అంత ఒత్తిడి ఉంటుంది. పది మీటర్ల ఎత్తుకు ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు ఒక కిలోగ్రాము ఒత్తిడి కలుగుతుంది. ఒకసారి పంపుతో నీరు పైకి ఎక్కిస్తే, తరువాత అది తనంతట తానే ఇంటింటికీ పరుగెత్తుతుంది.

ఇక భవనాలు. బడి, ఆసుపత్రి, మార్కెట్టు అన్నీ ఇందులో చేరుతాయి. మీ దగ్గిర ఉన్న రబ్బరు ముక్కను రెండు కొసలా పట్టుకుని కిందికి వంగేట్టు వంచి చూడండి. పైభాగం నొక్కుకుపోతుంది, కింది భాగం సాగుతుంది. బడి పైకప్పు కూడా కంటికి కనిపించనంత కొద్దిగా అట్లాగే వంగుతుంది. కాంక్రీటు నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది గాని, సాగదీస్తే ఓర్చుకోలేదు, పగులుతుంది. ఉక్కు ఊచలు సాగుడును ఓర్చుకుంటాయి. అందుకే రెండు గోడల మధ్య ఉన్న కప్పులో ఊచలను అడుగు వైపున పెడతారు. కూలీలు కాంక్రీటు పోసేటప్పుడు ఆ ఊచలను తొక్కి స్థానం తప్పిస్తే, కప్పు బలం తగ్గిపోతుంది.

అయిదవది వంతెన. మన ఇంజనీర్ల లెక్కలో ఆరు మీటర్ల లోపు పొడవు గలది కల్వర్టు, అంతకు మించితే వంతెన. అన్ని పనుల్లోకీ పెద్ద బాధ్యత దీనిదే. ఎందుకంటే కాలువ పగిలితే వీథిలో మురుగు పారుతుంది. వంతెన విరిగితే మనుషులు చస్తారు.

కాగితం మీద కాలువ

సున్నపు గీతలకూ, సిమెంటు బస్తాలకూ మధ్య అంత ఆలస్యం ఎందుకో ఇప్పుడు చూద్దాం. ఆ కాలంలో కాలువను కాగితం మీద కడతారు.

మొదట ఇంజనీరు అంచనా వేస్తాడు. ఎంత మట్టి తవ్వాలి, ఎంత కాంక్రీటు పట్టుతుంది, ఎంత ఇనుము కావాలి అని లెక్కకడతాడు. దేని ధర ఎంతో ఆయన ఇష్టం వచ్చినట్టు రాయటానికి వీలులేదు. ప్రభుత్వం వారి ధరల పట్టిక ఒకటి ఉంటుంది, దాని ప్రకారం రాయాలి. తరువాత ఆ అంచనాకు రెండు ఆమోదాలు కావాలి. ఇంత డబ్బు ఈ పనికి ఖర్చు చేయవచ్చు అనేది ఒకటి. ఈ లెక్క, ఈ నమూనా సాంకేతికంగా సరిగా ఉన్నాయి అనేది రెండవది.

ఆ తరువాత టెండరు ప్రకటన వస్తుంది. "ఫలానా వీథిలో ఫలానా కాలువ కట్టాలి. ఎంతకు కడతారో చెప్పండి" అని కంట్రాక్టర్లను అడగటమే టెండరు. పూర్వం కంట్రాక్టర్లు తమ ధరను కాగితం మీద రాసి, కవరులో పెట్టి లక్కముద్ర వేసి, ఆఫీసులో ఉన్న పెట్టెలో వేసేవారు. ఒక నియమిత సమయానికి అందరి ముందూ కవర్లు విప్పేవారు. దీనిలో చిక్కులు వచ్చేవి. బలవంతులు ఆఫీసు గుమ్మం దగ్గిర నిలబడి ఇతరులను పెట్టె దాకా పోనిచ్చేవారు కారు. 2003లో ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంప్యూటరు ద్వారా టెండర్లు తీసుకునే పద్ధతి మొదలుపెట్టింది. కంప్యూటరు ముందు ఎవరూ అడ్డం నిలబడలేరు గదా!

టెండరు వేసే ప్రతివాడూ కొంత డబ్బు ధరావతుగా కట్టాలి. ఊరికే సరదాకు ధర చెప్పి, తీరా పని ఇస్తే మాయమయ్యేవారిని ఈ ధరావతు అదుపులో ఉంచుతుంది. అర్హత గలవారిలో ఎవరు తక్కువ ధర చెపితే మామూలుగా వారికే పని ఇస్తారు. అయితే మరీ తక్కువ చెప్పినవాణ్ణి చూసి సంతోషించకూడదు, అనుమానించాలి. రూపాయి ఖరీదు చేసే పనిని అర్ధరూపాయికి చేస్తానన్నవాడు తక్కిన అర్ధరూపాయి ఎక్కణ్ణించి తెస్తాడు? పనిలో నించే!

పని దక్కినవాడు ఒప్పందం మీద సంతకం చేస్తాడు. ఎంత పొడవు, ఎంత మందం, ఏ రకం సిమెంటు, ఎన్ని నెలల్లో పూర్తి కావాలి, ఆలస్యమైతే ఎంత జరిమానా అనే వివరాలన్నీ అందులో ఉంటాయి. నోటి మాట గాలిలో పోతుంది. రాతలో ఉన్న మాట ఇద్దరినీ కట్టివేస్తుంది. అది కంట్రాక్టరుకు కూడా రక్షణే. రేపు ఇంకొక అధికారి వచ్చి, "ఇంకో పది గజాలు ఉచితంగా కట్టు" అనటానికి వీలులేదు.

మూడు సెంటీమీటర్ల దొంగతనం

పని నడుస్తూండగా ఇంజనీరు ఒక పుస్తకం పట్టుకు వస్తాడు. దాని పేరు కొలతల పుస్తకం. ఎంత పని జరిగిందో కొలిచి అందులో రాస్తేనే కంట్రాక్టరుకు డబ్బు వస్తుంది. ఆ పుస్తకం పేజీలకు ముందే అంకెలు వేసి ఉంటాయి. ఒక్క పేజీ కూడా చింపరాదు. తప్పు రాస్తే రబ్బరుతో చెరపరాదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరి అంకె రాసి, సంతకం పెట్టాలి. చెరిపివేసిన తప్పు ఏమిటో ఎవరికీ తెలియదు. కొట్టివేసిన తప్పు ఎప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

ఇంత కట్టుదిట్టం ఎందుకని మీరు అడగవచ్చు. ఒక చిన్న లెక్క చెయ్యండి. ఒక కాలువ పొడవు 100 మీటర్లు. దానికి రెండు వైపులా గోడలు. గోడ ఎత్తు 60 సెంటీమీటర్లు, మందం 15 సెంటీమీటర్లు. రెండు గోడలకూ కలిపి 18 ఘనపు మీటర్ల కాంక్రీటు పట్టుతుంది. ఇప్పుడు గోడ మందం 15కు బదులు 12 సెంటీమీటర్లు చేశారనుకోండి. దారిన పోయేవాడు చూస్తే తేడా కనిపించదు. మూడు సెంటీమీటర్లంటే మీ బొటనవేలి మొదటి కణుపు పొడవు. కాని కాంక్రీటు 14.4 ఘనపు మీటర్లే అవుతుంది. మిగిలింది 3.6 ఘనపు మీటర్లు. ఒక పాలు సిమెంటూ, ఒకటిన్నర పాళ్ళు ఇసుకా, మూడు పాళ్ళు కంకరా కలిపే కాంక్రీటుకు ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు పడుతుంది. అంటే దాదాపు 29 బస్తాల సిమెంటు కనపడకుండా పోయిందన్నమాట! ఎవరూ గోడ దూకలేదు, తాళం పగలగొట్టలేదు. కొలబద్ద పెట్టి చూడకపోవటం ఒక్కటే జరిగింది.

మందం సరిపోయినా లోపల సరుకు మంచిదో కాదో ఎట్లా తెలుస్తుంది? దీనికి ఒక పరీక్ష ఉన్నది. పోస్తున్న కాంక్రీటులో నించే కొంత తీసి 15 సెంటీమీటర్ల ఘనపు దిమ్మెలుగా పోస్తారు. వాటిని నీటిలో ఉంచి, కొన్నింటిని 7 రోజులకూ, మిగిలినవాటిని 28 రోజులకూ యంత్రంలో పెట్టి నలగగొడతారు. మామూలుగా ఇళ్ళకు వాడే ఒక రకం కాంక్రీటులో అట్లాటి దిమ్మె పగలటానికి సుమారు 45 టన్నుల బరువు కావాలి. ఇంచుమించు పది ఏనుగుల బరువు! అంతకన్నా చాలా తక్కువకే పగిలిపోతే సరుకులో లోపం ఉన్నదని అర్థం.

సిమెంటు ఎండితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. సిమెంటు నీటితో కలిసి కొత్త పదార్థంగా మారి గట్టిపడుతుంది. ఆ మార్పు నెమ్మదిగా జరుగుతుంది. అందుకే కొత్త కాంక్రీటును రోజుల తరబడి తడుపుతూ ఉండాలి. గోనెపట్టాలు కప్పి నీళ్ళు చల్లటం మీరు చూసే ఉంటారు. నీళ్ళు పట్టకుండా వదిలేసిన కాంక్రీటు సగం వండిన అన్నం వంటిది.

ఇన్ని పరీక్షలు ఉన్నాయి గదా, ఇంక మోసానికి చోటెక్కడ అని అనిపిస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు అమెరికాలో ఒక వంతెన కథ చెపుతుంది.

రెండు నగరాల వంతెన

ఈనాడు న్యూయార్కు అనేది ఒకే మహానగరం. కాని 19వ శతాబ్దంలో అక్కడ న్యూయార్కు, బ్రూక్లిన్ అని రెండు వేరు వేరు నగరాలు ఉండేవి. మధ్య ఈస్ట్ రివర్ అనే పెద్ద పాయ. దాటటానికి పడవలే దిక్కు. చలికాలంలో పాయ నిండా మంచుగడ్డలు పేరుకుంటే పడవలు కూడా నడిచేవి కావు. 1866-67 చలికాలంలో ఈ ఇబ్బంది మరీ హెచ్చి, వంతెన కావాలని జనం గట్టిగా అడిగారు.

జాన్ రోబ్లింగ్ అనే ఇంజనీరు వంతెన నమూనా తయారుచేశాడు. ఆయన జర్మనీలో పుట్టి అమెరికాకు వచ్చి స్థిరపడినవాడు. రెండు ఒడ్డుల దగ్గిరా రెండు రాతి గోపురాలు కట్టి, వాటి మీదుగా నాలుగు బ్రహ్మాండమైన తాళ్ళు వేసి, ఆ తాళ్ళకు వంతెనను వేలాడదీయాలని ఆయన ఊహ. గోపురాల మధ్య దూరం 486 మీటర్లు! ప్రపంచంలో అంతకుముందు ఎవరూ అంత పొడవున వేలాడే వంతెన కట్టలేదు.

పని మొదలు కాకుండానే ఆపద వచ్చిపడింది. 1869లో రోబ్లింగ్ ఒడ్డున నిలబడి కొలతలు చూస్తూండగా, రేవుకు వచ్చిన పడవ తగిలి ఆయన పాదం నలిగిపోయింది. ధనుర్వాతం కమ్మి ఆయన కొద్ది వారాల్లోనే చనిపోయాడు. ఆయన కొడుకు వాషింగ్టన్ రోబ్లింగ్ ఆ భారం తలకెత్తుకున్నాడు. అప్పటికి అతనికి 32 ఏళ్ళు.

నీటి అడుగున గోపురానికి పునాది వెయ్యటం ఎట్లా? ఒక గ్లాసును బోర్లించి తిన్నగా నీటిలో ముంచండి. లోపల గాలి ఉంటుంది గనక నీరు నిండదు. ఆ విధంగానే బ్రహ్మాండమైన చెక్కపెట్టెలను బోర్లించి పాయ అడుగుకు దించారు. లోపలికి గాలిని ఒత్తిడితో పంపారు. కూలీలు ఆ పెట్టెలోకి దిగి అడుగు తవ్వుతూంటే, పైన గోపురం రాళ్ళ బరువుకు పెట్టె కిందికి దిగేది. బ్రూక్లిన్ వైపు పెట్టె 13 మీటర్లకు పైగా దిగింది. న్యూయార్కు వైపు పెట్టె 24 మీటర్ల దాకా దిగింది.

ఈ పనిలో ఒక వింత జబ్బు పుట్టింది. ఎక్కువ ఒత్తిడిలో ఉన్నప్పుడు గాలిలోని నత్రజని మనిషి రక్తంలో కరుగుతుంది. గబగబా పైకి వస్తే, సోడాబుడ్డి మూత తీసినట్టు, అది బుడగలుగా బయటికి వస్తుంది. కీళ్ళు పోట్లు పొడుస్తాయి, పక్షవాతం రావచ్చు, ప్రాణమే పోవచ్చు. ఆ రోజుల్లో దీని కారణం ఎవరికీ సరిగా తెలియదు. కొందరు కూలీలు చనిపోయారు. కూలీలతోపాటు పెట్టెలోకి దిగుతూ వచ్చిన వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా 1872లో ఈ జబ్బు పాలై, తరువాత పని స్థలానికి రాలేకపోయాడు.

అప్పుడు అతని భార్య ఎమిలీ పూనుకున్నది. ఆమె గణితమూ, వంతెనల శాస్త్రమూ నేర్చుకుని, భర్త చెప్పిన సూచనలను ఇంజనీర్లకు అందజేస్తూ, వాళ్ళ ప్రశ్నలను భర్తకు చేరవేస్తూ ఏళ్ళ తరబడి పని నడిపించింది. రోబ్లింగ్ బ్రూక్లిన్‌లోని తన ఇంటి కిటికీలో నించి దుర్భిణీతో పని చూస్తూ ఉండేవాడు.

తీగల కంట్రాక్టు

ఈ వంతెనను మొదట ఒక కంపెనీ మొదలుపెట్టింది. కాని 1875 నాటికి అది రెండు నగరాల సొత్తు అయింది. ఖర్చులో మూడింట రెండు వంతులు బ్రూక్లిన్‌దీ, ఒక వంతు న్యూయార్కుదీ. పని చూడటానికి ధర్మకర్తలను నియమించారు.

1876 ఆగస్టులో గోపురం నించి గోపురానికి మొదటి ఇనప తాడు సాగింది. దాని మీద వెళ్ళటానికి కూలీలు జంకకుండా ధైర్యం చెప్పాలని ఫారింగ్టన్ అనే పెద్ద మేస్త్రీ, ఒక చిన్న పలకను తాడుకు వేలాడదీసుకుని దాని మీద కూర్చుని పాయ దాటాడు. అప్పటికి ఆయనకు అరవై ఏళ్ళ వయసు! కింద వేలాది జనం టోపీలు ఎగరేశారు, ఓడలు కూతలు కూశాయి.

ఇక పెద్ద తాళ్ళు పేనాలి. ఒక్కొక్క తాడులో అయిదు వేలకు పైగా ఉక్కు తీగలు. ఒక్కొక్క తీగ పెన్సిలు కన్నా సన్నం గాని, 1,500 కిలోగ్రాములు లాగినా తెగరాదని ఒప్పందంలో రాశారు. తీగల కోసం టెండర్లు పిలిచారు. రోబ్లింగ్ కుటుంబానికి సొంతంగా తీగల కర్మాగారం ఉన్నది. ఇంజనీరుకు లాభం ఉన్న కంపెనీకి పని ఇవ్వరాదని ధర్మకర్తలు నియమం చేశారు. రోబ్లింగ్ ఆ కంపెనీలో తన వాటాలను అమ్మివేశాడు. అయినా చివరకు కంట్రాక్టు లాయిడ్ హేగ్ అనే బ్రూక్లిన్ తీగల వ్యాపారికి దక్కింది.

నియమం మంచిదే. పరీక్ష కూడా కట్టుదిట్టంగానే పెట్టారు. వంతెన ఇన్‌స్పెక్టర్లు హేగ్ కర్మాగారానికి వెళ్ళి, తీగచుట్టలను పరీక్షించి, మంచివాటికి చీటీ రాసి ఇచ్చేవారు. ఆ చీటీతో బండి వంతెన దగ్గిరికి వెళ్ళేది. చీటీ చూసి తీగ తీసుకునేవారు. 1877లో మొదలైన తాళ్ళ పని చకచకా సాగింది.

1878లో ఒకనాడు తీగల్లో కొన్ని పెళుసుగా ఉన్నట్టు బయటపడింది. పరీక్షలో నెగ్గిన తీగ పెళుసు ఎట్లా అయింది? రోబ్లింగ్ మనుషులు రహస్యంగా బండి మీద నిఘా వేశారు. తీరా చూస్తే, కర్మాగారం నించి బయలుదేరిన బండి తిన్నగా వంతెనకు రావటం లేదు! దారిలో ఒక కట్టడం దగ్గిర ఆగుతున్నది. అక్కడ మంచి తీగ దించి, పరీక్షలో తప్పిన తీగ ఎక్కించి, ఆ పాత చీటీతోనే వంతెనకు పంపుతున్నారు. దించిన మంచి తీగ మళ్ళీ కర్మాగారానికి వెళ్ళి, మళ్ళీ పరీక్షకు కూర్చుని, మళ్ళీ నెగ్గుతున్నది! ఒకే మంచి తీగతో ఎన్నో చెడ్డ తీగలకు చీటీలు సంపాదించాడన్నమాట హేగ్.

అప్పటికే చాలా చెడ్డ తీగ తాళ్ళలో చేరిపోయింది. పేనిన తాడులో నించి ఒక్కొక్క చెడ్డ తీగనూ వెతికి ఊడదీయటం సాధ్యం కాదు. ఇప్పుడేం చెయ్యాలి? తాళ్ళన్నీ కోసి పారవెయ్యాలా? లేక ఎవరికీ చెప్పకుండా ఊరుకోవాలా?

రోబ్లింగ్ రెండూ చెయ్యలేదు. లెక్క వేశాడు. ఆయన మొదటే తాళ్ళను మొయ్యవలసిన బరువుకు ఆరు రెట్లు మొయ్యగలిగేట్టు నిర్ణయించి ఉన్నాడు. చెడ్డ తీగల వల్ల ఆ బలం కొంత తగ్గింది గాని, వంతెన పడిపోయేటంతగా తగ్గలేదు. అయినా ఆయన అంతటితో తృప్తిపడలేదు. ఒక్కొక్క తాడులో సుమారు 150 మంచి తీగలు అదనంగా చేర్చాలనీ, వాటి ఖర్చు హేగ్ భరించాలనీ పట్టుబట్టి చేయించాడు. ఆ విధంగా ఒక్కొక్క తాడులో తీగలు 5,434 అయినాయి. ఇకమీదట తీగ కర్మాగారం నించి వంతెన చేరేదాకా మనిషి వెంట ఉండే ఏర్పాటు కూడా జరిగింది. హేగ్ ఈ నేరానికి జైలుకు వెళ్ళలేదు. తరువాత మరొక ఫోర్జరీ కేసులో దొరికిపోయి శిక్ష అనుభవించాడు.

1883 మే 24న వంతెన తెరిచారు. దాదాపు ఒకటిన్నర కోట్ల డాలర్లు ఖర్చయింది. ఆ పద్నాలుగేళ్ళలో ఇరవైమందికి పైగా పనివాళ్ళు ప్రాణాలు కోల్పోయారు. తెరిచిన తరువాత కూడా వంతెన ఆగుతుందా అని కొందరు సందేహించారు. 1884 మే నెలలో బార్నమ్ అనే సర్కస్ యజమాని తన 21 ఏనుగులను దాని మీద నడిపించాడు. వంతెన చెక్కుచెదరలేదు. 1898లో రెండు నగరాలూ కలిసి ఒకటైనాయి. బ్రూక్లిన్ వంతెన మీద ఇప్పటికీ కార్లూ, సైకిళ్ళూ, మనుషులూ వెళుతూనే ఉన్నారు. హేగ్ పంపిన చెడ్డ తీగలు కూడా ఆ తాళ్ళలోనే ఉన్నాయి. వాటి పక్కనే రోబ్లింగ్ చేర్పించిన మంచి తీగలు బరువు మోస్తున్నాయి.

చూసే కళ్ళు

ఆ వంతెన పనిలో టెండరు ఉన్నది, ఒప్పందం ఉన్నది, నియమం ఉన్నది, పరీక్ష ఉన్నది. మోసం జరిగింది వీటన్నిటికీ నడుమ, ఎవరూ చూడని దారిలో. పరీక్షించిన చోటికీ, వాడిన చోటికీ మధ్య ఎవరి కన్నూ లేదు. అందుకే మన కాలువ పనిలో కాంక్రీటును ఎక్కడో కాక, పోసే చోటనే, పోస్తూండగానే తీసి దిమ్మెలు పోయాలంటారు. అందుకే పని పూర్తి అయినా కంట్రాక్టరు డబ్బులో కొంత వెంటనే ఇవ్వకుండా ఆపి ఉంచుతారు. ఒప్పందంలో రాసిన గడువులోగా, అది ఏడాదో రెండేళ్ళో కావచ్చు, కాలువ పగిలితే అతనే తన ఖర్చుతో బాగుచెయ్యాలి. వానాకాలం కన్నా గొప్ప ఇన్‌స్పెక్టరు ఇంకెవరు!

కంట్రాక్టర్లంతా హేగ్ వంటివారని మాత్రం అనుకోకండి. మన బడులూ, నీటి ట్యాంకులూ, వంతెనలూ చాలావరకు కంట్రాక్టర్లు కట్టినవే. వాటిలో ఎన్నో ఏళ్ళ తరబడి నిలిచి ఉన్నాయి. సక్రమంగా పనిచేసే కంట్రాక్టరుకు కొలబద్ద అంటే భయం లేదు. పైగా సరిగా కొలిస్తే అతనికే మేలు. కొలతలు లేనిచోట, తక్కువ సిమెంటు వేసేవాడు తక్కువ ధర చెప్పి, ఎక్కువ సిమెంటు వేసేవాణ్ణి ఓడిస్తాడు గదా!

మన దేశంలో 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం ఏ పౌరుడైనా అర్జీ పెట్టి, ప్రభుత్వ పనికి సంబంధించిన కాగితాలు చూడవచ్చు, పనిని తనిఖీ చెయ్యవచ్చు, వాడుతున్న సరుకు నమూనాలు కూడా ధ్రువీకరణతో తీసుకోవచ్చు. ఈ సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పండి.

మీరు చెయ్యగలిగిన పని కూడా ఉన్నది. మీ వీథిలో పని మొదలైతే అక్కడ బోర్డు పెట్టారేమో చూడండి. పని పేరు, అంచనా డబ్బు, పూర్తి కావలసిన తేదీ దాని మీద ఉంటాయి. కొత్త కాంక్రీటుకు నీళ్ళు పడుతున్నారేమో రోజూ బడికి పోతూ గమనించండి. యంత్రాల దగ్గిరికీ, గోతుల దగ్గిరికీ మాత్రం వెళ్ళకండి. మొదటి వాన వచ్చినప్పుడు నీరు ఎటు పారుతున్నదో, ఎక్కడ ఆగుతున్నదో చూసి, తేదీ వేసి ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. నీరు ఆగిన చోటు మీ నాన్నగారికో, మాస్టారికో చూపించండి. వారు ఆ సంగతి పురపాలక సంఘానికి రాస్తే, గడువులోగా ఆ కాలువ బాగుపడే అవకాశం ఉన్నది. రాసేటప్పుడు తప్పు పోతే, చెరపకండి. ఒక్క గీత కొట్టి పక్కన సరిగా రాయండి.